నిమిత్తము లేని ప్రయాణము

ఊరికి బయలుదేరినవానిని "ఎక్కడికి?" అని యడుగరాదని మన పెద్దలు చెప్పుదురు. అట్లడిగినచో పోయిన పని చెడునట! ఈ నియమమును తప్పక పాటించువారు సైతము మఱియొక ప్రశ్న నడుగుటకు వెనుదీయరు: "ఏమి పని పడినది?" పెండ్లి యనిన సంతోషింతురు, వ్యాజ్య మనిన జాలిపడుదురు, మ్రొక్కుబడి యనిన చేతులు జోడింతురు. "పని యేమియు లేదు, ఊరక చూచి వత్తమని పోవుచున్నాను" అని యెవరైన ననినచో వారివంక వింతగా చూతురు. ఆ మాట యనినది స్త్రీ యైనచో ఆ చూపు వింతతో నాగదు.

ప్రయాణమునకై చేయు ప్రయాణము మనుష్యునకు క్షేమకరమా, లేక తిన్న దఱుగనివారి విలాసమా అను చర్చ నేడు తఱచుగా వినబడుచున్నది. ఆ చర్చ చేయువారు ప్రయాణమువలన గలుగు లాభనష్టములను మాత్రమే లెక్కించుచున్నారు. మేము మఱియొక వైపునుండి విచారింప గోరుచున్నాము. పని లేకయే ఇల్లు విడుచుటకు మన సమాజము ఏ కాలమున, ఎవరికి, ఏ నెపమున అనుమతి నొసగినది? ఈ యనుమతి చరిత్ర తెలిసినగాని క్షేమము మాట తేలదని మా యభిప్రాయము.

ఊరక చూచి రావలెనను కోరిక మన సాహిత్యమునకు క్రొత్త గాదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున (1509–1529) అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమున కథ నడచుటకు మూలము ఆ కోరికయే. ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, కలిగిన గృహస్థుడు, ఇల్లు కదలుటకు తీఱిక లేనివాడు. అయినను తన యింటికి వచ్చిన ప్రతి యాత్రికుని కూర్చుండబెట్టి, ఏ యే దేశములు తిరిగితిరి, ఏ యే కొండలు చూచితిరి, అవి యెంత దూరమని అడిగి తెలిసికొని, తాను పోలేకపోతినే యని నిట్టూర్చుచుండును. ఒకనాడు వచ్చిన సిద్ధుడు పాదలేపము నీయగా దానిని పూసికొని హిమాలయమునకు పోయెను. ఎండకు మంచు కరగి, దానితో లేపమును కరగిపోయెను. ఇంటికి దారి లేకపోయెను. అప్పుడు వరూధిని యెదురయ్యెను. తరువాతి కథ చదువరు లెఱిగినదే.

ఈ ఘట్టమును ప్రవరుని నిగ్రహమునకు నిదర్శనముగా చెప్పుట పండితుల పరిపాటి. మేము గమనింప గోరునది అతని తొందర. దారి తప్పిన పిమ్మట అతని వేదన యంతయు వేళకు ఇల్లు చేరి అగ్నికార్యము నెఱవేర్పలేకపోదు నేమో అనియే. మార్కండేయపురాణమునుండి గైకొన్న యీ కథలో ఒక గృహస్థునకు ఒక్క పూట తీఱిక కల్పించుటకు మంత్రౌషధమే కావలసివచ్చినది. ఔషధము కరగినంతనే ఆపద వచ్చినది. పని లేక తిరిగినవానికి చేటు తప్పదను నీతిని శ్రోతలు ఈ కథనుండి తీసికొనియుండిన ఆశ్చర్యము లేదు. కాని ఆ కోరికను కవి ఎక్కడను నిందింపలేదు. కొండను చూచిన ప్రవరుని సంతోషమును అతడు మనసార వర్ణించెను.

పాదలేపము దొరకనివారికి తీర్థయాత్ర ఆ పని చేసినది. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని సామెత పుట్టిన కాలమున గూడ జనులు కాశికి పోవుట మానలేదు. జ్వరములు, దొంగలు, దాటుటకు వంతెనలు లేని నదులు, నెలల తరబడి నడక—ఇన్నింటి కోర్చి పోయిరి. పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు గోదావరి పుష్కరములకు ఊళ్లకు ఊళ్లు కదలెడివి. పుణ్యమే వారి యుద్దేశమని మనము నమ్ముదము. అయినను, ఆ పుణ్యము పేరున వారు చూచిన క్రొత్త భూములు, విన్న క్రొత్త భాషలు, కలిసికొన్న క్రొత్త మనుష్యులు లెక్కలోనికి రావలదా?

ఇచ్చట సంస్కరణాభిమానులమైన మనము ఒక సంగతి ఆలోచింపవలసియున్నది. వేమన మొదలుకొని నేటివఱకు సంస్కర్తలు తీర్థయాత్రను ఎగతాళి చేసిరి. నీట మునిగినంత మాత్రమున పాపము పోదనిరి. పండాల దోపిడిని, అప్పులు చేసి యాత్రలు చేయు మౌఢ్యమును ఖండించిరి. ఆ ఖండనము న్యాయమే. కాని, యాత్రలో మౌఢ్యమును చూచిన ఆ కన్ను దానిలో నున్న తలుపును చూడలేదు. ఇల్లాలు పుట్టింటికి పోవలెనన్న అత్తమామల సెలవు కావలెను. పొరుగూరి జాతరకు పోవలెనన్న భర్త సెలవు కావలెను. కాని మ్రొక్కు అను మాట వినిన పిమ్మట అడ్డు చెప్పుటకు ఎవరికిని నోరు రాదు. వితంతువునకు, ముదుసలికి, కూలివానికి ఊరి పొలిమేర దాటుటకు లోకము సమ్మతించిన నెపము అది యొక్కటియే. ఆ నెపమును తీసివేసి దానిచోట మఱియొక దానిని మనము కల్పింపలేకపోతిమా, తలుపు మూయబడును.

పుణ్యము పేరున బయలుదేరిన ప్రయాణము ఏ విధముగా తన పేరును మించిపోవునో చూపుటకు మన భాషలో ఒక గొప్ప గ్రంథము గలదు. అది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ముఖ్య ద్విభాషి. వారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరు మార్గమున ప్రయాగకును కాశికిని పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా సముద్రతీరము వెంట 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు మించిన ప్రయాణము. దారి పొడుగున తాము చూచినదెల్ల వ్రాసి చెన్నపట్టణములోని మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి తెలియజేయుచు వచ్చిరి. పిళ్లగారు ఆ వ్రాతలను 1838లో అచ్చువేయించిరి. తరువాత 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు ఆ గ్రంథమును శ్రమకోర్చి పరిష్కరించి మరల ప్రకటించిరి.

ఆ గ్రంథము చదువువారికి తోచు మొదటి సంగతి యిది: పుణ్యమునకు కావలసినదానికంటె ఆయన చూచినది చాల హెచ్చు. మజిలీకి మజిలీకి నడుమ దూర మెంత, బాట యెట్టిది, నీటి వసతి గలదా, దిగుటకు చోటున్నదా, ఏ సరకులు దొరకును, ఆ సీమలో ఏ జాతులవారున్నారు, వారి ఆచారములెట్టివి, దొరతనము వారిని ఎట్లు పాలించుచున్నది—ఇవి యన్నియు వ్రాసిరి. గంగాస్నానము చేసినవానికి మార్గమధ్యమున నున్న పల్లెలోని బజారుతో పని యేమి? విశ్వేశ్వరుని దర్శించినవానికి తిరుగుదారిలోని యేఱు ఎట్లు దాటవలెనను విచార మెందులకు? పని లేదు. అయినను ఆయన చూచిరి, అడిగిరి, వ్రాసిరి. యాత్ర ఆయనకు అనుమతి పత్రము. చూపు ఆయన సొంతము. నిమిత్తము లేని ప్రయాణము నిమిత్తము గల ప్రయాణమున దాగి పెరుగుట యనగా నిదియే.

మఱి యా ప్రయాణమువలన కలిగిన క్షేమము అందరిదియునా? వీరాస్వామయ్యగారు పల్లకిలో పోయిరి. పల్లకి తనంతట నడవదు. దానిని మోసిన బోయీలును ఆ బాటనే నడచిరి. ఆ యేళ్లనే దాటిరి. ఆ కొండలనే యెక్కిరి. యజమాని కాశిని చూచినపుడు వారును చూచియుందురు. క్రోసుల లెక్కన చూచినచో ఇరువురి ప్రయాణము నొక్కటే. నడచినవారిది కాబట్టి బోయీలదే యెక్కుడని కూడ చెప్పవచ్చును. అయినను అది ఒకే ప్రయాణము కాదని మనకు తెలియును. ఒకరు తమ యిచ్చవచ్చిన చోట ఆగవచ్చును. మఱియొకరు ఆగుమన్న చోట ఆగవలెను. కాబట్టి ప్రయాణమున మేలు చేయునది దూరము గాదు, దృశ్యమును గాదు. తన ప్రొద్దు తన చేతిలో నుండుటయే మేలు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. ముందు దీనితో పని గలదు.

పంతొమ్మిదవ శతాబ్దమున పుణ్యమునకు తోడు మఱియొక నెపము వచ్చినది. అదియే ఆరోగ్యము. ఇంగ్లండులో రిచ్చర్డు రస్సెలు అను వైద్యుడు సముద్రజలము గ్రంథివ్యాధులకు మందని 1750లో లాటిను భాషలో ఒక గ్రంథము వ్రాసెను. దాని ప్రచారముతో బ్రైటను అను సముద్రతీరపు టూరు కలవారికి విడిదియయ్యెను. మన దక్షిణదేశమున కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివను 1819లో నీలగిరుల నెక్కి అచ్చటి చల్లదనమును చూచి మురిసి, పిమ్మట ఉదకమండలమున ఇల్లు కట్టుకొనెను. మదనపల్లె చేరువ ఏనుగు మల్లమ్మ కొండపై కడప జిల్లా కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది యేర్పఱచుకొనగా, ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. ఆ ప్రాంతముననే తరువాత క్షయరోగుల కొఱకు ఆరోగ్యవరము వెలసినది.

గాలిమార్పు అను మాట మన యిండ్లలో అట్లు వ్యాప్తికి వచ్చినది. తీర్థమునకు బదులు వైద్యుని చీటీ వచ్చినదన్నమాట. వేసవిలో కొండ లెక్కినవారు దొరలు, జమీందారులు, పెద్ద యుద్యోగులు. వారి వెంట సామాను మోసినవారికి, వారి గదులలో పంకా లాగినవారికి గాలి మారినను సెలవు మారలేదు. వైద్యశాస్త్రమునకు పేదవాడును ధనికుడును ఒకటే యైనను, ఆ చీటీకి వారు ఒకటి కాకపోయిరి.

ఇంతలో పొగబండి వచ్చి దూరమును చౌక చేసినది. ఇంగ్లండులో తామస్ కుక్ అనునాయన 1841 జూలై 5వ తేదీన మద్యపాన నిషేధోద్యమమున కొక సభకై లీస్టరు నుండి లఫ్‌బరోకు జనులను పొగబండిలో తీసికొనిపోయెను. సంస్కరణము కొఱకు పుట్టిన ఆ చిన్న యేర్పాటు క్రమముగా వినోదయాత్రల వ్యాపారముగా పెరిగినది. మన ప్రాంతమున 1856 జూలై 1వ తేదీన చెన్నపట్టణపు రాయపురమునుండి వాలాజా రోడ్డు వఱకు దక్షిణదేశపు మొదటి రైలు నడచినది. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై రైలువంతెన తెఱవబడినది. వీరాస్వామయ్యగారికి నెలలు పట్టిన దారి దినములలోనికి వచ్చినది.

కాని చౌకయైనంత మాత్రమున సుఖకరము కాలేదు. గాంధీగారు మూడవ తరగతి పెట్టెలలో తిరిగి అచ్చటి ఇఱుకును, మురికిని, ప్రయాణికుల యగచాట్లను గూర్చి 1917లో ఒక లేఖ ప్రకటించిరి. ఆ పెట్టెలలో కిక్కిరిసినవారిలో ఊరక చూచి వచ్చుటకు పోవువారెందఱు? పొట్ట చేతబట్టుకొని బర్మాకు, తోటలకు, పట్టణములకు పోయినవా రెందఱు? బోయీల ప్రశ్నయే పొగబండి యెక్కి మరల మనముందు నిలిచినది.

దీనికి జవాబు కొండలపై దొరకలేదు, శాసనసభలలో దొరకినది. జీతముతో కూడిన సెలవు అను భావము ఇరువదవ శతాబ్దమున బలపడినది. 1936 జూనులో ఫ్రాన్సు దేశపు ప్రభుత్వము కార్మికులందఱికి ఏటికి రెండు వారముల జీతపు సెలవును శాసనము చేసెను. లియో లగ్రాంజ్ అను యువమంత్రి వారికి రైలు టిక్కెట్టు ధరలో నూటికి 40 వంతులు తగ్గింప జేసెను. ఆ వేసవిని అనేక కార్మిక కుటుంబములు సముద్రమును మొదటిసారి చూచినవి. ఆ యేడే అంతర్జాతీయ కార్మికసంస్థ ఏటికి కనీసము ఆఱు పనిదినములు జీతపు సెలవుండవలెనని ఒడంబడిక చేసెను. 1938లో బ్రిటను శాసనము చేసెను. మనదేశమున 1948నాటి ఫ్యాక్టరీల చట్టము వయోజనులకు ఇరువది పనిదినముల కొకదినము చొప్పున జీతపు సెలవు నేర్పఱచెను. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన వెలువడిన విశ్వమానవ హక్కుల ప్రకటన ఇరువదినాలుగవ అధికరణమున విశ్రాంతిని, తీఱికను, జీతపు సెలవును మానవునికి హక్కులుగా పేర్కొనెను.

ఇందలి మార్పు సామాన్యమైనది గాదు. అంతకుముందు పని మానుటకు కారణము చూపవలెను: మ్రొక్కు, జబ్బు, చావు, పెండ్లి. ఈ శాసనములు వచ్చిన పిమ్మట సెలవుదినములను ఎట్లు గడపితివని అడుగు నధికారము యజమానికి లేదు. "ఏమి పని పడినది?" అను ప్రశ్నను చట్టము మొట్టమొదటిసారిగా కొందఱి విషయమున నోరు మూయించినది.

ఇక క్షేమమును గూర్చి నేటి శాస్త్రజ్ఞు లేమి చెప్పుచున్నారో చూతము. 2000 సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, గుండెజబ్బు ముప్పు గల పండ్రెండువేలకు పైగా పురుషులను తొమ్మిదేండ్లపాటు గమనింపగా, ఏటేట విహారపు సెలవు తీసికొన్నవారిలో మరణములు తక్కువగా కనబడినవి. అయితే సెలవు తీసికొనగలవారు ముందే ఆరోగ్యవంతులో కలవారో కావచ్చును గదా. కాబట్టి దీనిని సాక్ష్యముగా గ్రహింపవచ్చును గాని తీర్పుగా గ్రహింపరాదు. 2010లో నెదర్లాండ్సు పరిశోధకులు 1,530 మందిని పరిశీలించిరి. ప్రయాణము చేయబోవువారు బయలుదేరుటకు ముందే ఇతరులకంటె సంతోషముగా నుండిరి. తిరిగివచ్చిన పిమ్మట మాత్రము, మిక్కిలి విశ్రాంతిగా గడపినవారిని మినహాయించినచో, పోయినవారికిని పోనివారికిని భేదము కనబడలేదు.

ఈ ఫలితమును చూపి, ఇంత వ్యయము చేసి మిగులున దిదియా యని పరిహసించువా రుందురు. మాకు అది పరిహాసయోగ్యముగా తోచలేదు. అన్నము తిన్న పది గంటలకు మరల ఆకలి వేయును. అందుచేత అన్నము వ్యర్థమని యెవ్వరు నందురు? విశ్రాంతియును అట్టిదే. ఒకమాఱు తీసికొని దాచుకొనునది గాదు, మాటిమాటికి కావలసినది. సబీన్ సొన్నెన్టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అను పరిశోధకురాండ్రు 2007లో అలసట తీర్చు అనుభవములను నాలుగు విధములుగా విభజించిరి: పని తలపు లేకుండుట, విశ్రాంతి, క్రొత్తదాని నేర్చుకొనుట, తన కాలముపై తనకు అధికార ముండుట. ఈ కడపటిదానిని మనము బోయీల కథలో ముందే చూచితిమి.

ఇప్పుడు మన యిండ్లలోనికి వత్తము. సెలవు చట్టములు కార్ఖానాకు వర్తించినవి, కచేరికి వర్తించినవి; పొయ్యికి వర్తింపలేదు. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగపు లెక్కలలో, ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు ఆ పనులకై దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొను పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. ఆదివారమున కచేరి మూయుదురు. ఆదివారమున వంట హెచ్చును. కుటుంబమంతయు కలిసి యాత్రకు పోయినను, సత్రములో పొయ్యి రాజేయునది, పిల్లల బట్టలు సర్దునది, తడిగుడ్డలు ఆరవేయునది ఆమెయే. ఊరు మారినది గాని పొయ్యి మారలేదు. అట్టి ప్రయాణము ఆమెకు విహారము కాదు, పల్లకి మోయుటయే.

స్త్రీ యొంటరిగా కదలుటకు మన సమాజ మంగీకరించిన నెపములు వ్రేళ్లపై లెక్కింపవచ్చును: పురుడు, పెండ్లి, పరామర్శ, మ్రొక్కు. చూచుటకు పోయి, చూచినదానిని వ్రాసిన స్త్రీలు మనలో లేకపోలేదు. పోతం జానకమ్మగారు 1870ల నడుమ ఇంగ్లండునకు పోయి తాము చూచిన విశేషములను తెలుగున వ్రాయగా, దాని ఆంగ్లానువాదము 1876లో చెన్నపట్టణమున అచ్చయినది. సముద్రయానము జాతికి దోషమని పురుషులే వెనుదీయుచుండిన దినములలో ఇది జరిగినది. ఆ గ్రంథకర్త్రి పేరు మన యిండ్లలో ఎందఱికి తెలియును?

2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణ ప్రభుత్వమును, 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును తమ ఆర్టీసీ బస్సులలో కొన్ని తరగతులయందు స్త్రీలకు టిక్కెట్టు రుసుము లేని ప్రయాణమును ప్రారంభించినవి. కూలికి పోవువారికి, కళాశాలకు పోవు బాలికలకు, ఆసుపత్రికి పోవు ముదుసలులకు దీనివలన కలిగిన యుపకారమును ఎవ్వరును కాదనలేదు. ఆటో నడుపువారి రాబడి తగ్గుట, బస్సులలో ఒత్తిడి పెరుగుట అను చిక్కులును వచ్చినవి. వానిని తీర్చుట ప్రభుత్వముల బాధ్యత. కాని ఈ చిక్కులకంటె బిగ్గరగా వినబడిన ఆక్షేపణ మఱియొకటి గలదు: "పని లేకున్నను ఆడవారు ఊరక బస్సెక్కి తిరుగుచున్నారు" అని. చదువరులు ఈ వాక్యమును నిదానముగా పరికింప గోరుచున్నాము. ఇది మొదట మేము చెప్పిన ప్రశ్నయే. కొండ చూడబోయిన ప్రవరుని కావ్యనాయకుని చేసితిమి. వీరాస్వామయ్యగారి చూపును మెచ్చితిమి. వేసవికి కొండ లెక్కిన దొరను గాలిమార్పని మన్నించితిమి. అక్కగారి యూరికి పోయి, త్రోవలో చెఱువుకట్టపై దిగి, గుడి మెట్లపై గంటసేపు కూర్చుండి వచ్చిన ఇల్లాలిని మాత్రము సంజాయిషీ అడుగుచున్నాము.

ప్రయాణములు హెచ్చి కొండలు చెత్తకుప్పలగుచున్నవనియు, చూచుటకంటె చూచితిమని చూపించుకొనుటయే నేటివారికి ముఖ్యమైనదనియు కొందఱు చెప్పుదురు. అందు సత్యము గలదు. అప్పు చేసి విదేశయాత్ర చేయువాడు అప్పు చేసి తీర్థయాత్ర చేసినవానికంటె వివేకి యని మేమనము. కాని ఆ తప్పిదములు తీఱిక హెచ్చినవారివి. తీఱికయే యెఱుగనివారిని వానిని చూపి ఆపుట, అజీర్ణరోగిని చూపి ఆకలిగొన్నవాని విస్తరి తీసివేయుట వంటిది.

కాబట్టి సంస్కరణాభిమానము గల గృహస్థులకు మా మనవి చిన్నది. దూరదేశములకు పొమ్మని మేము చెప్పుట లేదు. ఏటికి కొన్ని దినములు, వీలుకానిచో నెలకొక దినము, ఇంటిలోని ప్రతి యొక్కరికి—ఇల్లాలికి, అత్తగారికి, పనిమనిషికి—తమ యిష్టము వచ్చిన చోటికి పోయి వచ్చు స్వేచ్ఛ యుండవలెను. ఆ దినమున వంట మఱియొకరు చేయవలెను. పనిమనిషికి జీతము కోయరాదు. చార్జీలకు డబ్బు ఆమె చేతికే యియ్యవలెను. తిరిగివచ్చిన పిమ్మట లెక్క అడుగరాదు. వెంట ఎవరిని తీసికొనిపోవలెనో, ఎచ్చట దిగవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో ఆమెయే నిర్ణయించుకొనవలెను. ఇది చేయుటకు చట్టము రానక్కఱలేదు, ప్రభుత్వము పూనుకొననక్కఱలేదు. ఒక పూట పొయ్యి దగ్గఱ నిలుచుటకు ఇంటి మగవారు సిద్ధపడిన చాలును.

ఆమె బయలుదేరునపుడు ఎక్కడికని అడుగరాదన్న పెద్దల మాటను యథావిధిగా పాటింతము. దానితోపాటు, ఏమి పని పడినదని గూడ అడుగక, దారిలో త్రాగుటకు మంచినీరు పెట్టుకొన్నదో లేదో కనుగొని సాగనంపుదము.